నాలుగు కాళ్ల రోబోల నడక, స్ట్రింగ్ థియరీ: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏది తీసుకోవాలి?

పానగల్లు విద్యార్థి (నల్లగొండ):
సార్లకు, అన్నలకు నమస్కారం. నేను నల్లగొండలో ఎమ్మెస్సీ గణితం చివరి సంవత్సరంలో ఉన్నాను. సమూహ సిద్ధాంతాన్ని (సౌష్ఠవాలను, అంటే అటూ ఇటూ మార్చినా రూపం మారని గుణాలను, పరిశీలించే గణితశాఖ) ఎక్కడైనా వాడి చూపించే ప్రాజెక్టు చేయాలి. జంతువుల నడకను అనుసరించే రోబోల గురించి, అన్నిటికీ మూలం కంపించే అతిసూక్ష్మ తీగలేననే స్ట్రింగ్ థియరీలోని గణిత నమూనాల గురించి ఈ మధ్య చదివినప్పుడు రెండుచోట్లా వాదన అంతా సౌష్ఠవం చుట్టే తిరుగుతున్నట్టు అనిపించింది. ఈ పోలిక నిజమైనదేనా? ల్యాబు సౌకర్యం లేని నాలాంటివారు వీటిలో దేని మీద పని చేయగలరు?

మెకానికల్ సారు (మహబూబ్‌నగర్):
తమ్ముడూ, నడక సంగతి వరకు నేను చెప్పగలను. నాలుగు కాళ్ల జంతువు మామూలుగా నడిచేటప్పుడు ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు కాళ్లు వరుసగా పావు ఆవర్తనం (ఒక పూర్తి అడుగుల చక్రంలో నాలుగో వంతు) తేడాతో నేలను తాకుతాయి. ట్రాట్ అనే చిన్న పరుగులో ఐమూలగా ఉన్న కాళ్లు జంటగా కదిలితే, ఒంటె వేసే పేస్‌లో ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి లేస్తాయి. 1966లో షిక్, సెవెరిన్, ఒర్లోవ్‌స్కీ పిల్లి మధ్యమెదడులో ఒకచోట విద్యుత్ ప్రేరణ ఇచ్చి, దాని బలం పెంచుతూ పోతే నడక ట్రాట్‌గా, ఆ తరువాత దౌడుగా మారుతుందని చూపారు. కాళ్ల లయ వెన్నుపాములోని నాడీవలయంలోనే పుడుతుంది, పైనుంచి వచ్చేది జోరు పెంచమనే సూచన మాత్రమే. 2007లో స్విట్జర్లాండ్‌లో ఐస్పీర్ట్ బృందం ఇదే సూత్రంతో చేసిన సాలమాండర్ (బల్లిలాంటి ఉభయచరం) రోబో నేల మీద నడిచింది, నీటిలో ఈదింది.

ఆ వలయాన్ని ఒకేరకమైన డోలకాల (లయగా ఊగుతూ ఉండే వ్యవస్థల) జాలంగా తీసుకుంటే నీకు కావలసిన గణితం మొదలవుతుంది. కాలికి ఒకటి చొప్పున 4 డోలకాలు చాలునని మొదట అనిపిస్తుంది. కానీ అటువంటి జాలం నడకను కూడా ఇవ్వాలంటే ట్రాట్, పేస్ రెండూ సౌష్ఠవం దృష్ట్యా ఒకటైపోయి, ఒకటి స్థిరంగా ఉన్నప్పుడు రెండోదీ స్థిరంగా ఉండక తప్పదు. జంతువులు అలా ప్రవర్తించవు. ఈ చిక్కు తీరాలంటే కాలికి రెండు చొప్పున 8 డోలకాలు కావాలని 1999లో గోలుబిట్‌స్కీ, స్టువర్ట్, బువోనో, కాలిన్స్ వాదించారు. రోబో ఎంత బాగా గెంతిందో రాసే వ్యాసాలు ఈ ముఖ్యమైన సంగతినే వదిలేస్తాయి.

ఒక్క హెచ్చరిక. రోబో పరిశోధకుడు మార్క్ రైబర్ట్ 1980లలో ఒంటికాలి యంత్రంతో మొదలుపెట్టినప్పుడు గెంతే ఎత్తు, ముందుకు పోయే వేగం, ఒంటి నిలుపు అనే మూడింటినీ విడివిడిగా అదుపు చేశాడు. ఇప్పటి రోబోలలో చాలావాటికి నడక వచ్చేది కంప్యూటర్ సిమ్యులేషన్‌లో చేయించే అభ్యాసం వల్ల. సమూహ సిద్ధాంతం జంతువు నడకను వివరిస్తుంది, రోబోను తయారుచేసి ఇవ్వదు.

దేవరకొండ వాసి (ప్రస్తుతం హైదరాబాద్):
సారు చెప్పిన 8లాగా సౌష్ఠవం నిర్ణయించే సంఖ్య స్ట్రింగ్ థియరీలోనూ ఉంది కనుక పోలిక నిజమైనదే. తీగ కదులుతూ గీసే ఉపరితలాన్ని ఏ కొలతతో కొలిచినా ఫలితం మారకూడదన్న సౌష్ఠవం క్వాంటం లెక్కలోనూ నిలవాలంటే బోసానిక్ తీగకు (మొదటి, సరళమైన నమూనా) 26, సూపర్‌స్ట్రింగ్‌కు (దాని తరువాతి నమూనాకు) 10 స్థలకాల పరిమాణాలు కావాలి. 26లో రెండు పోగా మిగిలిన 24 అడ్డు దిశల కంపనాలను లెక్కించే శ్రేణి, రామానుజన్ టౌ ప్రమేయాన్ని (సంఖ్యాశాస్త్రంలో పేరొందిన ఒక సంఖ్యల వరుస) పుట్టించే శ్రేణికి విలోమం.

అయితే 8 డోలకాల నమూనాను జంతువును చూసి సరిచూడవచ్చు. 10 పరిమాణాలను ఇంతవరకు ఏ ప్రయోగమూ చూపలేదు. ఈ సిద్ధాంతానికి గట్టి పరీక్ష గణితంలోనే జరిగింది. క్వింటిక్ అనే కలాబీ-యావ్ ఆకృతి (అదనపు పరిమాణాలు ముడుచుకుని ఉంటాయనుకునే ఆకారాల్లో ఒకటి) మీద సరళరేఖలు 2,875 అని, శాంకవాలు 6,09,250 అని అప్పటికే తెలుసు. ఘాతం 3 గల రేషనల్ వక్రాలు 31,72,06,375 ఉంటాయని 1991లో కాండెలాస్ అనే భౌతికశాస్త్రజ్ఞుడి బృందం దర్పణ సౌష్ఠవంతో (రెండు వేర్వేరు ఆకృతులు ఒకే భౌతికశాస్త్రాన్ని ఇస్తాయనే సూత్రంతో) లెక్కగట్టింది. ఎలింగ్స్‌రుడ్, స్ట్రోమె అనే గణితజ్ఞుల కంప్యూటర్ లెక్కలో వేరే సంఖ్య వచ్చింది గానీ, వారి ప్రోగ్రాంలోని పొరపాటు సరిదిద్దాక భౌతికశాస్త్రజ్ఞుల సంఖ్యే నిలిచింది. ఇది అర్థం కావడానికి బీజీయ జ్యామితి చాలా కావాలి, ఒక సెమిస్టరులో అయ్యే పని కాదు. మీరు నడకనే తీసుకోండి.

పానగల్లు విద్యార్థి:
ఇద్దరికీ ధన్యవాదాలు. మా ఊళ్లో మేకల మందలు చాలా ఉన్నాయి. ఫోనుతో వీడియోలు తీసి, కాళ్ల దశల తేడాలు నేనే కొలిస్తే ప్రాజెక్టుకు పనికివస్తాయా సార్?

మెకానికల్ సారు (మహబూబ్‌నగర్):
తప్పకుండా పనికివస్తాయి. స్లో మోషన్‌లో పక్కనుంచి తీసి, ఒక కాలు నేలను తాకిన క్షణం నుంచి అదే కాలు మళ్లీ తాకేవరకు 1 అనుకుని, మిగిలిన మూడు కాళ్లు ఎంతెంత భిన్నం దగ్గర తాకాయో రాసుకో. వేగాన్ని ఫ్రూడ్ సంఖ్యగా మార్చు: వేగం వర్గాన్ని గురుత్వ త్వరణం, కాలి పొడవుల లబ్ధంతో భాగిస్తే వస్తుంది. అది దాదాపు 0.5 దగ్గర నడక పోయి ట్రాట్ వస్తుందని చెబుతారు. కాలి పొడవు అర మీటరైతే ఆ వేగం సెకనుకు దాదాపు 1.6 మీటర్లు. గుట్ట ఎక్కే మేకలను వదిలేసి, చదునైన బాట మీద పోయేవాటినే తీయి. వాటిని అదిలించి ఉరికిస్తే నేరుగా దౌడుకే పోవచ్చు, మధ్యలోని ట్రాట్ నీకు దొరకదు. కాపరిని ముందు నడిచి పిలవమను.