చాపమెక్కిడున్: నారి కట్టడమా, లాగడమా?

తెనాలి టీచర్:
మొల్ల రామాయణంలో రాముడు శివుడి విల్లు ఎత్తేముందు లక్ష్మణుడు చెప్పే పద్యం ఒకటి నోట్లో నానుతోంది కానీ పూర్తిగా రావట్లేదు. "కదలకుమీ ధరాతలమ, కాశ్యపిఁ బట్టు ఫణీంద్ర" అని మొదలు, "భూవరుఁ డీశుని చాపమెక్కిడున్" అని ముగింపు. రెండో పాదం చివర తాబేలు గురించి ఏదో వస్తుంది, అది అందట్లేదు. తొమ్మిదో తరగతికి స్థితిజశక్తి పాఠం దీంతో మొదలుపెడదామని ఉంది. ఎక్కిడు అంటే బాణం తొడిగి లాగడమే కదా? శక్తి వింటిలో చేరేది అప్పుడే కాబట్టి అడుగుతున్నాను.

పద్యపిపాసి:
కాదండీ. ఎక్కిడడం అంటే అల్లెత్రాడు, అంటే నారి, వింటి కొప్పుకి (కొసకి) తగిలించడం. సంధించడం, అంటే బాణం తొడగడం వేరు, లాగడం వేరు. ఈ పద్యానికి మూలం అనదగ్గ శ్లోకం "పృథ్వి స్థిరా భవ" హనుమన్నాటకంలో ఉంది, అది "హరకార్ముకమాతతజ్యమ్" అని ముగుస్తుంది. ఆతతజ్యం అంటే నారి బిగించినది. మొల్ల దాన్నే ఒక్క తెలుగు క్రియతో "ఎక్కిడున్" అని తేల్చేసింది, ఆ పొదుపు చూడండి. రెండో పాదం చివర "రసాతల భోగి ఢులీ కులీశులన్", ఢులి అంటే తాబేలు.

పాతపుస్తకం:
కులీశులన్ అని ఎలా అవుతుంది? కుల, ఈశ కలిస్తే గుణసంధి, కులేశులన్ అనే రావాలి. లీ అయినా లే అయినా గురువే కాబట్టి చంపకమాలకి ఏ ఇబ్బందీ లేదు, అందుకే ఈ తప్పు ఎవరి కంటా పడకుండా ప్రతి నుంచి ప్రతికి వచ్చేసి ఉంటుంది.

పద్యపిపాసి:
నేను బడిలో కంఠస్థం చేసింది కులీశులనే. వెనక "ఢులీ" ఉంది, ఆ దీర్ఘాల వరసకి చెవి అలవాటు పడింది. వ్యాకరణం మీ వైపే ఉన్నా మార్చి చదవబుద్ధి కావట్లేదు.

విలువిద్య:
టీచర్ గారూ, పిల్లలకి విలువిద్య నేర్పుతాను కాబట్టి శక్తి సంగతి నేను చెప్తాను. నారి కట్టేటప్పుడే విల్లు వంగుతుంది, అంటే శక్తి అప్పుడే చేరడం మొదలవుతుంది. అయితే ఆ శక్తిలో ఒక్క పిసరు కూడా బాణానికి పోదు. బాణం వదిలాక నారి మళ్ళీ కట్టినప్పటి చోటికే వచ్చి ఆగుతుంది, కాబట్టి కట్టడానికి పెట్టిన శక్తి నారి విప్పేదాకా వింటిలోనే ఉండిపోతుంది. బాణానికి దక్కేది ఆ తర్వాత చెవిదాకా లాగిన లాగుడులోది మాత్రమే. లెక్క కావాలంటే ఇలా వేయించండి: నిండా లాగినప్పుడు 20 కిలోల బరువంత బలం, లాగిన దూరం అర మీటరు. బలం సున్నా నుంచి దాదాపు సమంగా పెరుగుతుంది కనక సగటు 10 కిలోల బరువు, అంటే 98 న్యూటన్లు, అర మీటరుకి 49 జౌళ్ళు. 20 గ్రాముల బాణం సెకనుకి 60 మీటర్ల వేగంతో వెళ్తే దాని గతిజశక్తి 36 జౌళ్ళు. మిగతా 13 జౌళ్ళు వింటి కొమ్ముల కదలికలోకి, నారి వణుకులోకి, చప్పుడులోకి, కాస్త వేడిలోకి పోతాయి. కాంపౌండ్ విల్లుకి ఈ లెక్క పనికిరాదు, దాని కప్పీల వల్ల చివర్లో పట్టి ఉంచే బలం బాగా తగ్గిపోతుంది. మన జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది అలాంటి విల్లుతోనే.

తెనాలి టీచర్:
49, 36 రెండూ బోర్డు మీద పెడతాను, చాలా బాగున్నాయి. మరి నారి కట్టడం ఒక్కదానికే లక్ష్మణుడు భూమినీ శేషుణ్ణీ కేకలేసి పిలవాలా?

పద్యపిపాసి:
ఆ పిలుపులోనే పద్యం అందమంతా ఉంది. భూమిని కదలొద్దన్నాడు. శేషుడు భూమి ఒక్కదాన్నీ పట్టాలి. కూర్మం భూమినీ శేషుణ్ణీ పట్టాలి, వరాహం ఆ ఇద్దరితోపాటు కూర్మాన్ని కూడా. ఏనుగుల దగ్గరికొచ్చేసరికి "ధరణీ ఫణి కచ్ఛప పోత్రి వర్గమున్" అని నాలుగూ వాటి మీదే పడ్డాయి. కిందికి దిగేకొద్దీ సమాసం పొడుగవుతుంది, మోత పెరుగుతుంది. పై అంతస్తు బరువు కింది స్తంభానికి చేరే తీరు ఇంతకన్నా చక్కగా ఎవరు చెప్పారు? "గూఢశబ్దములను గూర్చిన కావ్యమ్ము మూగచెవిటివారి ముచ్చటగును" అన్న కవయిత్రి ఇక్కడ తాబేలుకి ఢులి, వరాహానికి ఘృష్టి, పోత్రి వాడిందంటే ఒక్కో జంతువుకీ ప్రతిసారీ కొత్త పేరు కావాల్సి వచ్చింది కాబట్టే.

పాతపుస్తకం:
మొల్ల సరే, వాల్మీకిని కూడా చూడండి. బాలకాండలో ముందు "ఆరోపయిత్వా మౌర్వీం", తర్వాత "పూరయామాస", అప్పుడు "బభంజ ధనుర్మధ్యే". నారి ఎక్కించాడు, పూరించాడు, నడిమికి విరిచాడు. లాగడాన్ని పూరించడం అన్నాడు! విల్లు నిండే పాత్ర అన్నమాట, టీచర్ గారికి కావలసిన మాట ఇదే. భాగవతంలో కృష్ణుడు మధురలో విల్లు విరిచినప్పుడూ ఇదే వరస: "సజ్యం చ కృత్వా", "వికృష్య", "ప్రబభంజ మధ్యతో". ఎక్కిడడం, లాగడం రెండు పనులని ఇంతకంటే ఏం రుజువు కావాలి? అసలు పోతన దశమస్కంధంలో ఆ ఘట్టం చదువుతుంటే...

విలువిద్య:
పోతన దగ్గరికి వెళ్ళేముందు ఒక్కమాట. రెండుచోట్లా నడిమికే విరిగింది చూశారా? అంతా ఒకే మందం ఉన్న కర్రని రెండు కొసలూ పట్టి వంచితే వంపు ఒత్తిడి ఎక్కువగా పడేది నడుమనే. అందుకే పిడి దగ్గర మందంగా ఉంచుతారు. ఇంకోటి, కర్ర విల్లుకి నారి కట్టి రోజుల తరబడి అలాగే వదిలేస్తే వంపు అలవాటైపోయి బిగువు చస్తుంది. పనిబడినప్పుడే కట్టాలి, పనయ్యాక విప్పాలి. ఎక్కిడడానికి విడిగా ఒక క్రియ పుట్టిందంటే కారణం ఇదేనని నా నమ్మకం. పిల్లలకి ఈ జాగ్రత్త కూడా చెప్పండి: బాణం లేకుండా నిండా లాగి వదలకూడదు. ఆ శక్తిని మోసుకుపోయే బాణం లేకపోతే అదంతా తిరిగి వింటికే తగులుతుంది, కొమ్ములు పగులుతాయి.

పద్యపిపాసి:
మరి ధనుష్టంకారం? పురాణాల్లో ప్రతి వీరుడూ యుద్ధానికి ముందు నారి సారించి వదిలేవాడే కదా.

విలువిద్య:
దానికి కొంచెం లాగి మీటితే చాలండి. శక్తి తక్కువ, పోయేది నారి కంపనంలోకి.

తెనాలి టీచర్:
అన్నీ బాగానే ఉన్నాయి, ఒకటి మాత్రం మింగుడుపడట్లేదు. పేపర్లలో "తుపాకీ ఎక్కుపెట్టాడు" అని రాస్తారు. తుపాకీకి నారి ఎక్కడుంది?

పాతపుస్తకం:
పాతకాలం తుపాకీకి పైన గుర్రం, అంటే సుత్తిలాంటి మీట ఉంటుంది. దాన్ని బొటనవేలితో వెనక్కి లాగి నిలిపితే లోపల స్ప్రింగు బిగుస్తుంది, ట్రిగ్గరు నొక్కేదాకా శక్తి అందులో కూర్చుంటుంది. అచ్చంగా ఎక్కిడడమే. వింటి మాట తుపాకీకి అలా వచ్చిందని నేను గట్టిగా అంటాను.

పద్యపిపాసి:
ఒప్పుకోను. ఇప్పుడు ఎక్కుపెట్టడం అంటే జనం గురిపెట్టడం అనే అర్థంలో వాడుతున్నారు, విమర్శలు కూడా ఎక్కుపెడుతున్నారు. గుర్రం లాగి ఆకాశంలోకి చూపిస్తే ఎక్కుపెట్టాడు అనరు, ఎవరో ఒకరి మీద ఎక్కుపెట్టాలి. "మీద" లేకుండా ఈ మాట వాడిన పాత ప్రయోగం తుపాకీ విషయంలో ఒక్కటి చూపించండి, అప్పుడు స్ప్రింగు సిద్ధాంతం ఆలోచిస్తాను.

పాతపుస్తకం:
వెతుకుతాను. ఈలోపు మీరు కులీశులన్‌కి వ్యుత్పత్తి చెప్పండి.