డ్రైవు ఉన్న పీఎస్5 కొనాలా, లేనిదా? మా ఇంటి గొడవ మీరే తేల్చండి

సీతమ్మధార_వీకెండ్

అందరికీ నమస్తే. వారం రోజులుగా మా ఇంట్లో నడుస్తున్న పంచాయితీ ఇది. మా బావమరిది మధురవాడ వైపు ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. డిస్కు పెట్టే డ్రైవు లేని, గేములన్నీ నెట్ నుంచే దింపుకోవాల్సిన పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5 గేమింగ్ కన్సోలు) కొందామంటాడు. స్లిమ్ మోడల్ మన దేశానికి 2024 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు డిస్కుది 54,990, డిజిటల్‌ది 44,990. "ఆ తేడా మిగిలితే గేములొస్తాయి కదా బావా" అని వాడి లెక్క.

నాకు మనసొప్పట్లేదు. పీఎస్4 రోజుల నుంచి డిస్కు కొని, ఆడేసి, అమ్మేసి, ఆ డబ్బుతో ఇంకోటి కొన్న ప్రాణం నాది. 4,999 పెట్టి కొన్నది నెల తిరక్కుండా మూడువేలకి ఇచ్చేస్తే నాకు పడింది రెండువేలే. డౌన్‌లోడ్ చేసుకున్నది ఎవరికి అమ్మను?

ఇది కన్సోలు ఒక్కదాని గొడవ కూడా కాదు. స్టీమ్, ఎపిక్, ప్లేస్టేషన్ స్టోర్... ఈ ఆన్‌లైన్ దుకాణాల వల్ల మనకి ఒరిగిందెంత, పోయిందెంత? మొహమాటం లేకుండా చెప్పండి.

గాజువాక_గుంటడు

ఏటి గురూ, ఇంకా డిస్కులేటి? పీసీవోళ్లకి ఆ గోల ఎప్పుడో ఒదిలిపోనాది. నా ల్యాప్‌టాప్‌కి అసలు డ్రైవే నేదు. స్టీమ్‌లో సేల్ పెట్టినప్పుడు రెండొందలకి, మూడొందలకి కొనీసినవి నూటయాభై గేములున్నాయి. ఎపిక్ వోడు వారం వారం ఊరికే ఇచ్చినవి ఏరే. ఆడినవి పదిహేనుంటాయేమో, అది ఏరే సంగతి. అవన్నీ డిస్కులైతే ఎక్కడెట్టుకోవాలి? మా అమ్మ పాతసామానోడికి ఏసీసి ఉల్లిపాయలు తెచ్చీసుకుంటాది.

డాబాగార్డెన్స్_డిస్క్

ముందే చెప్పేస్తున్నా, నాది పాత డిస్కులు కొని అమ్మే వ్యాపారం. నా మాటలో స్వార్థం ఉందనుకుంటే అనుకోండి, తప్పులేదు.

హుద్‌హుద్ గుర్తుందా? 2014 అక్టోబరు 12, ఆదివారం. మా వీధికి కరెంటు తొమ్మిదో రోజొచ్చింది. నెట్ రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. కాలేజీలు లేవు, ఫోన్లు సరిగ్గా లేవు, చెట్లన్నీ రోడ్డు మీదే. చేసే పనేం లేక కంప్యూటర్ ముందు కూర్చుంటే, డబ్బులు పెట్టి కొన్న గేము "ముందు లాగిన్ అవ్వండి" అంటుంది. ఏ దుకాణమో పేరెందుకులెండి. ఆఫ్‌లైన్ ఆడుకునే ఏర్పాటు ఉందట, కానీ అది నెట్ ఉన్నప్పుడే పెట్టుకోవాలట! తుఫాను చెప్పి వస్తుందా? అదే గదిలో మా తమ్ముడు పాత కన్సోల్లో డిస్కు తోసి రోజంతా క్రికెట్ ఆడాడు. నేను పక్కన కూర్చుని స్కోరు రాశాను.

గాజువాక_గుంటడు

తుఫాను చెప్పే వచ్చింది గురూ. నాల్రోజుల ముందు నుంచీ టీవీలో సెప్తానే ఉన్నారు 😄

డాబాగార్డెన్స్_డిస్క్

టీవీవాళ్లు కొవ్వొత్తులు కొనుక్కోమన్నారు తమ్ముడూ, గేము ఆఫ్‌లైన్‌లో పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు.

రుషికొండ_కోడర్

నేను పగలు రుషికొండ మీద ఉద్యోగం, రాత్రిళ్లు ఇద్దరు ఫ్రెండ్సుతో కలిసి ఒక చిన్న గేము తయారుచేస్తున్నా. అమ్మేవాడి వైపు నుంచి కూడా ఒక మాట వినండి.

డిస్కుల కాలంలో నాలాంటివాడికి ఈ ఆలోచనే వచ్చేది కాదు. పబ్లిషర్ దొరకాలి, డిస్కులు అచ్చు వేయించాలి, గోడౌనుకి పంపాలి, కొట్టువాడు అరలో చోటివ్వాలి. 2017 జూన్‌లో స్టీమ్ డైరెక్ట్ అని ఎవరి గేము వాళ్లే అమ్మకానికి పెట్టుకునే దారి వచ్చాక వంద డాలర్లు కడితే సరిపోతోంది. గేము వెయ్యి డాలర్లు సంపాదించాక ఆ వందా వెనక్కొస్తాయి. ఇక్కడ మా డాబా మీద కూర్చుని చేసినదాన్ని జర్మనీలో ఎవడో అర్ధరాత్రి కొనుక్కుంటాడు. ఇది చిన్న సంగతి కాదు.

ఇక స్టీమ్ తీసుకునే వాటా. గేముకి 500 పెట్టామనుకోండి. 18 శాతం జీఎస్టీ అందులోనే ఉంటుంది కాబట్టి 76 తీసేస్తే 424. దాన్లో స్టీమ్‌ది 30 శాతం, 127. మాకు 297. ముగ్గురం పంచుకుంటే తలా 99 రూపాయలు, రెండేళ్ల నిద్రకి! స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ 2018లో వాటా తగ్గించిన మాట నిజమే, కానీ ఎవరికి? గేము అమ్మకాలు కోటి డాలర్లు దాటాక 25 శాతం, 5 కోట్లు దాటాక 20. అంటే కడుపు నిండినవాడికే వడ్డన.

ఎపిక్ 2018 డిసెంబరులో తలుపు తెరిచినప్పటి నుంచీ 12 శాతమే తీసుకుంటోంది. 2025 జూన్ నుంచి ఒక్కో గేముకి ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల దాకా అదీ లేదు. మరి అక్కడే అమ్ముకోవచ్చుగా అంటారు. పూర్ణా మార్కెట్‌లో అద్దె ఎక్కువని ఊరవతల తోటలో కొట్టు పెట్టుకున్నట్టుంటుంది. మా గుంటడు అక్కడికి వెళ్లేది ఊరికే ఇచ్చినవి తెచ్చుకోవడానికే, కొనేది మాత్రం స్టీమ్‌లో. ఆయన పోస్టులోనే ఒప్పుకున్నాడు.

ఇంకోటి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల లోపే ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కిచ్చేస్తుంది. 2015 జూన్‌లో వచ్చిన ఈ పద్ధతి కొనేవాళ్లకి వరం. మా గేము మొత్తం గంటన్నర. ఆడి, ముగించి, బాగుందని రివ్యూ రాసి, డబ్బు కూడా వెనక్కి తీసుకోవచ్చు.

చివరగా డాబాగార్డెన్స్ అన్నకి ఒక మాట. మీ కొట్లో ఒకే డిస్కు పదిమంది చేతులు మారితే, మొదటి అమ్మకం తర్వాత తయారుచేసినవాడికి ఒక్క పైసా రాదు.

డాబాగార్డెన్స్_డిస్క్

తమ్ముడూ, నువ్వు పాత బండి కొన్నప్పుడు కంపెనీకి వాటా పంపించావా? పాత పుస్తకాల కొట్లో కొన్న పుస్తకానికి రచయిత ఇంటికెళ్లి డబ్బిచ్చావా? పాతది అమ్మితే చేతికొచ్చే ఆ మూడువేలతోనే మా గిరాకీలు కొత్తది కొంటారు. సీతమ్మధార ఆయన మొదటి పోస్టు చూడు. పాతది అమ్ముడుపోకపోతే ఆయన నెలకొకటి కొనడు, ఏడాదికి రెండు కొంటాడు.

పాత సంగతి కూడా ఒకటుంది, మనలో మన మాట. 2000ల్లో మనూళ్లో కాలేజీ కుర్రాళ్లకి దొరికిన గేము సీడీలు ఎలాంటివో అందరికీ తెలుసు. వంద రూపాయల కవరు, పైన జిరాక్సు బొమ్మ, లోపల పగలగొట్టిన కాపీ. నేనూ అమ్మాను. ఆ దొంగ సీడీలని పోలీసులు ఆపలేదు, స్టీమ్ ఆపింది. 2015 నవంబరులో రూపాయల్లో ధరలు పెట్టి, సేల్‌లో రెండొందలకే అసలుది ఇస్తుంటే వైరస్ ఉన్న కాపీ ఎవడు కొంటాడు? ఆ ఘనత వాళ్లకి ఇవ్వాల్సిందే.

ఎంవీపీ_అమ్మ

మీ అంత తెలీదు గానీ, ఇద్దరు పిల్లల తల్లిగా చెప్తున్నా. డిస్కు ఉన్నప్పుడు మా ఇంట్లో రోజూ యుద్ధమే, ఒకటే డిస్కు, ఇద్దరు మొగపిల్లలు. ఇప్పుడు స్టీమ్‌లో కుటుంబం అని పెట్టుకుంటే ఆరుగురి దాకా ఒకరి గేములు ఒకరు ఆడుకోవచ్చు, ఎవరు ఎంతసేపు ఆడాలో నేనే పెట్టొచ్చు. కాకపోతే ఒకే గేము ఇద్దరూ ఒకేసారి ఆడాలంటే రెండు కొనాల్సిందే. ఇంకో మెలిక కూడా ఉంది, తెలియనివాళ్లు గుర్తుపెట్టుకోండి. మన గేము తీసుకుని ఆడే పిల్లాడు అందులో మోసం చేసి బ్యాన్ అయితే, ఆ గేములో కొన్నవాళ్లకి కూడా బ్యాన్ పడుతుంది. ఆ రూలు చదివాక మా చిన్నోడిని మా మరిది ఖాతాలోంచి తీసేశాను. వాడి సంగతి నాకు తెలుసు.

ఉక్కునగరం_మాస్టారు

నాయనలారా, స్టీల్ ప్లాంటులో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయినవాణ్ణి. యుద్ధవ్యూహాల ఆటలంటే పిచ్చి. మీరంతా ధర గురించి, అర గురించి మాట్లాడుతున్నారు గానీ కాగితం చదివినవాళ్లెవరూ కనపడలేదు.

మన వైజాగ్‌లో స్థలం కొనేముందు పట్టా చూస్తాం, ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు ప్లీడరుకి చూపిస్తాం. ఇక్కడ "కొనండి" అన్న బటన్ నొక్కి చేతికొచ్చేది పట్టా కాదు, లీజు. ఎన్నాళ్ల లీజో కూడా అందులో రాయలేదు. కాలిఫోర్నియాలో దీనిమీద చట్టమే చేశారు, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అమ్మేది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలి. స్టీమ్ ఆ ముక్క 2024 అక్టోబరులోనే కార్టు దగ్గర రాసేసింది. చూసినవాళ్లు ఎంతమంది?

నా బాధ వేరే. ఖాతా ఇంకొకరికి బదిలీ చేయకూడదని వాళ్ల ఒప్పందంలోనే ఉంది. అంటే నా ఇల్లు మనవడికి రాసివ్వగలను, నా స్కూటరు ఇవ్వగలను. పదేళ్లు కూడబెట్టిన ఆటలు మాత్రం వీలునామాలో రాయలేను. పాస్‌వర్డు చీటీ మీద రాసి బీరువాలో పెట్టాను, దొంగలెక్కలాగా.

అందుకే నేను కొనేది ఎక్కువగా జీవోజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో. 2008 నుంచి ఉంది. కాపీ కాకుండా వేసే తాళం లేకుండా ఇన్‌స్టాలర్ ఫైలు మన చేతికిస్తుంది. రెండు హార్డ్‌డిస్కుల్లో దాచాను, ఒకటి ఇంట్లో, ఒకటి అనకాపల్లిలో మా అమ్మాయి దగ్గర. రేపు ఆ కొట్టు మూసేసినా నా ఆటలు ఆగవు. కొత్త పెద్ద ఆటలు అన్నీ అక్కడికి రావు, అదొక్కటే లోటు.

మధురవాడ_బ్యాక్‌బెంచ్

ఆ బావమరిదిని నేనే 🙏 నా వాదన కూడా వినకుండా తీర్పులిచ్చేస్తున్నారు.

డిస్కు ఉంటే గేము మనదే అన్నది భ్రమ. ద క్రూ అనే కార్ రేసు గేము 2014లో వచ్చింది. దాన్ని అమ్మే యూబీసాఫ్ట్ కంపెనీ 2023 డిసెంబరులో అమ్మకం ఆపేసి, 2024 మార్చి 31న సర్వర్లు కట్టేసింది. ఒంటరిగా ఆడాలన్నా ఆ సర్వర్ ఉండాల్సిందే. డౌన్‌లోడ్ చేసినవాడికీ పోయింది, డిస్కు కొన్నవాడికీ పోయింది. ఆ కోపంతోనే రాస్ స్కాట్ అనే ఆయన "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" అని ఉద్యమం మొదలుపెడితే, యూరప్‌లో పెట్టిన అర్జీకి 2025 జులైకి పది లక్షల సంతకాలు దాటాయి.

పీసీలో అయితే ఈ కథ ఇంకా పాతది. 2004లో హాఫ్-లైఫ్ 2 అనే గేము డబ్బా కొని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు కూడా స్టీమ్ ఖాతా తెరవాల్సొచ్చింది. నింటెండో కన్సోలు స్విచ్ 2కి వస్తున్న కొన్ని కార్డుల్లో గేమే ఉండదు, డౌన్‌లోడ్‌కి తాళంచెవి మాత్రమే. అంతెందుకు బావా, స్లిమ్ డిజిటల్‌కి డిస్కు డ్రైవు విడిగా తగిలించుకోవచ్చు కదా, ఆ డ్రైవుని మొదటిసారి జతచేయడానికి కూడా నెట్ ఉండాలి! మళ్లీ హుద్‌హుద్ వస్తే నీ డ్రైవు కూడా అలకే.

సీతమ్మధార_వీకెండ్

ఒరేయ్, నువ్విక్కడ కూడా ఉన్నావా. రేపు ఇంటర్నల్స్ కదా నీకు? అక్కకి చెప్పమంటావా?

సరే, నీ మాట కొంత ఒప్పుకుంటా. తేడా డిస్కుకీ డౌన్‌లోడ్‌కీ మధ్య కాదు, సర్వర్ అడిగే గేముకీ అడగనిదానికీ మధ్య. మాస్టారి హార్డ్‌డిస్కులో ఉన్నది డౌన్‌లోడే, అయినా ఎవరూ తీసుకెళ్లలేరు. ద క్రూ డిస్కు అరలో ఉన్నా రేకుముక్కతో సమానం. ఇది నాకు నిన్నటిదాకా తట్టలేదు.

కానీ కన్సోల్ దగ్గరికొచ్చేసరికి జీవోజీ లాంటిది లేదు కదా. డ్రైవు లేని పెట్టె కొంటే ఆ పెట్టెకి ఒకే దుకాణం. వాడు చెప్పిందే ధర. డ్రైవుంటే కనీసం డాబాగార్డెన్స్ అన్న దగ్గరికెళ్లి బేరమాడొచ్చు. ఆ బేరమాడే హక్కుకే నేను ఆ తేడా ఎక్కువ పెడుతున్నా అనుకో. నాలుగు డిస్కులు అమ్మితే అదీ వచ్చేస్తుంది.

రుషికొండ_కోడర్

ఒకే దుకాణం అన్న పాయింటు మీద మీతో ఉన్నా. పీసీలో స్టీమ్ ఎంత పెద్దదైనా, నచ్చకపోతే ఫైలు నా సొంత వెబ్‌సైట్లో పెట్టి అమ్ముకోవచ్చు, నన్నెవరూ ఆపరు. కన్సోల్‌లో ఆ దారి లేదు. ఫోన్లలో కూడా ఇదే తగువు. ప్లే స్టోర్ బిల్లింగ్ మీద మన సీసీఐ (పోటీ కమిషన్) 2022 అక్టోబరులో గూగుల్‌కి 936 కోట్ల జరిమానా వేసింది ఇందుకే.

అన్నట్టు మాస్టారూ, మా గేము జీవోజీకి కూడా పంపిద్దామనుకుంటున్నాం. తాళం లేకుండా ఇస్తే కాపీలు కొట్టేస్తారేమోనని మావాడొకడు భయపడుతున్నాడు.

ఉక్కునగరం_మాస్టారు

కొట్టేసేవాడు తాళం ఉన్నా కొట్టేస్తాడు బాబూ. తాళంతో ఇబ్బందిపడేది నాలాంటి కొనేవాడే. నువ్వు పెట్టు, మొదటి కాపీ నాది. అనకాపల్లికి రెండో కాపీ పంపుతాను, అది దొంగతనం కిందకి రాదు కదా?

గాజువాక_గుంటడు

రాదు తాతా. మాది అంతకన్నా అన్నాయం. పాడేరులో మా పెదనాన్న కొడుక్కి నెట్ నత్తలాగ నడుస్తాది, వంద జీబీ గేము దిగడానికి పండగెల్లి పండగొచ్చీస్తాది. నేనే ఇక్కడ దింపీసి, ఫోల్డర్ హార్డ్‌డిస్కులో ఎక్కించి కాంప్లెక్స్‌లో పాడేరు బస్సెక్కుతాను. ఆడి ఖాతాలో కొనుక్కున్న గేమే, స్టీమ్ ఓసారి సరిసూసుకుని ఆడుకోనిచ్చీస్తాది. ఆన్‌లైన్ దుకాణం, డెలివరీ మాత్రం ఆర్టీసీ.

డాబాగార్డెన్స్_డిస్క్

😂 సీతమ్మధార అన్నా, ఏది కొన్నా ఆదివారం పదింటికి కొట్టు తీసే ఉంటుంది. పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ డ్రైవు ఉన్న పీఎస్5లో కూడా ఆడతాయి, పాతవి అప్పుడే అమ్మేయకు.

మధురవాడ_బ్యాక్‌బెంచ్

బావా, డ్రైవు ఉన్నదే కొను. కానీ మొదటి డిస్కు నేను ఎంచుతా.

సీతమ్మధార_వీకెండ్

ముందు పరీక్ష రాసిరా.