18 వారాల గర్భసంచి: హోల్స్‌తో తీయాలా, పొట్ట కోసి తీయాలా?

నర్సంపేట రోడ్:
గడ్డలతోని గర్భసంచి 18 వారాల సైజుకు పెరిగిన కేసు. వయసు 46, ఇంతకుముందు రెండు సిజేరియన్లు, హిమోగ్లోబిన్ 7.2. ఒక దగ్గర లాప్రోస్కోపీ (హోల్స్ ఆపరేషన్) చేస్తమంటున్నరు, ఇంకో దగ్గర ఇంత పెద్దదానికి కోతే నయమంటున్నరు. అసలు దేన్ని చూసి నిర్ణయిస్తరు? పని తెలిసినోళ్లు వివరంగ చెప్పండి.

హన్మకొండ గైనిక్:
"వారాలు" అనేది పొట్ట మీద చెయ్యి పెట్టి, గర్భంతో పోల్చి చెప్పే లెక్క. 12 వారాలంటే పొత్తికడుపు కింది ఎముక దాకా, 20 అంటే బొడ్డు దాకా. స్కాన్ రిపోర్టులో మూడు కొలతలు ఉంటాయి. సెంటీమీటర్లలో మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 0.52తో గుణించండి. 16, 11, 10 అనుకుంటే దాదాపు 915 మి.లీ., అంటే కిలోకు కాస్త తక్కువ. మామూలు గర్భసంచి 60 నుంచి 80 గ్రాములే.

అయితే బరువు చూసి నిర్ణయించడం తప్పు. పైకి పెరిగిన గర్భసంచి ఎంత పెద్దదైనా కొంత నయం, కెమెరా రంధ్రాన్ని బొడ్డు పైకి జరిపితే దారి దొరుకుతుంది. పక్కలకు పెరిగి కటిని నింపేసినా, గర్భసంచి మూతి దగ్గరే గడ్డ ఉన్నా అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. గర్భసంచికి రక్తం తెచ్చే ధమని కింద నుంచే, మూతికి 2 సెం.మీ. దూరంలో, కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే యురేటర్ గొట్టం పోతుంది. గడ్డ ఆ గొట్టాన్ని పక్కకు నెట్టేస్తే అది ఎక్కడుందో కనిపించదు. అందుకే స్కాన్‌లో కిడ్నీ వాపు ఉందా అని తప్పక చూడమనండి. లోపలి పరీక్షలో గర్భసంచి అటూ ఇటూ కదులుతోందా, బిగుసుకుపోయిందా అని కూడా అడగండి. నా లెక్కలో కొలత కన్నా కదలికకే విలువ ఎక్కువ.

రెండు సిజేరియన్లంటే మూత్రసంచి గర్భసంచికి అతుక్కుని ఉండొచ్చు. తెలంగాణలో సిజేరియన్లు ఎక్కువ కాబట్టి మనకిది రోజువారీ సమస్య. దాన్ని విడదీసేటప్పుడు చిల్లు పడితే వెంటనే కుట్టేస్తారు. చూడకుండా వదిలేస్తేనే ప్రమాదం.

ఓటీ సిస్టర్:
హోల్స్ ఆపరేషన్‌లో కెమెరాకు 10 మి.మీ. రంధ్రం ఒకటి, పనిముట్లకు 5 మి.మీ. రంధ్రాలు రెండు మూడు. పొట్టను ఉబ్బించే గ్యాస్ ప్రెజర్ 12 నుంచి 15 మి.మీ. మెర్క్యురీ మధ్య పెడతరు. ఇంత పెద్ద గర్భసంచికి మొదటి సూది బొడ్డు దగ్గర గుచ్చితే గడ్డకే తగలొచ్చు. అందుకే ఎడమ పక్కటెముకల కింద 3 సెం.మీ. దగ్గర మొదలుపెడతరు. ధమనిని ముందే దాని మొదట్లో పట్టి మూసేస్తే గర్భసంచి రంగు పాలిపోతది, రక్తస్రావం బాగా తగ్గుతది. కరెంటు పరికరాన్ని యురేటర్ దగ్గర ఎక్కువసేపు పెడితే వేడికి గొట్టం కాలుతది. ఆ రోజు ఏం తెలియదు.

మత్తు డాక్టర్:
హిమోగ్లోబిన్ 7.2తో ఆపరేషన్ బల్ల మీదికి తీసుకురావద్దు, అత్యవసరమైతే తప్ప. 50 కిలోల మనిషికి హిమోగ్లోబిన్ 12కు తేవాలంటే లెక్క ఇది: 50 (బరువు) × 4.8 (12లోంచి 7.2 తీస్తే) × 2.4 (సూత్రంలోని స్థిర సంఖ్య), దానికి నిల్వ కోసం 500 కలపాలి. సుమారు 1,080 మి.గ్రా. ఐరన్. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ మందు అయితే 1000 మి.గ్రా. ఒకేసారి సెలైన్‌లో 15 నిమిషాల్లో ఎక్కించొచ్చు. ఫలితానికి 2, 3 వారాలు పడుతుంది, ఈలోపు బ్లీడింగ్ ఆపే మందులు కూడా వాడాలి. డాక్టర్ ల్యూప్రోలైడ్ అనే హార్మోన్ ఇంజెక్షన్ 3.75 మి.గ్రా. నెలకొకటి చొప్పున మూడు నెలలు రాస్తే గర్భసంచి కూడా కొంత కుంచించుకుపోతుంది. మొదటి ఇంజెక్షన్ తర్వాత ఒకసారి బ్లీడింగ్ పెరగొచ్చు, భయపడి మానొద్దు.

లాప్రోస్కోపీకి తల కిందికి వంచి, గొంతులో గొట్టం వేసి, పూర్తి మత్తు ఇవ్వాలి. కోతకు నడుము ఇంజెక్షన్ సరిపోవచ్చు. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లు గంటల తరబడి ఆ వంపును తట్టుకోలేరు.

పాథాలజీ టేబుల్:
కిలో గర్భసంచి 10 మి.మీ. రంధ్రంలోంచి రాదు. కింది నుంచి ముక్కలు చేసి లాగుతరు, లేదంటే మిషన్‌తో లోపలే తురుముతరు. గడ్డలో గుర్తించని కేన్సర్ ఉంటే ఆ తురుము పొట్టంతా చల్లినట్టే. 2014లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీదే హెచ్చరిక చేసింది, గడ్డల కోసం ఆపరేషన్ చేయించుకునేవాళ్లలో సుమారు 350 మందిలో ఒకరికి ఇట్లాంటి కేన్సర్ (సార్కోమా) ఉండొచ్చని అంచనా వేసింది. "సంచిలో పెట్టి ముక్కలు చేస్తరా?" అని కచ్చితంగా అడగండి. ముందే గర్భసంచి లోపలి పొర బయాప్సీ, మూతికి పాప్ పరీక్ష (మూతి కేన్సర్ కోసం చేసేది) అయ్యుండాలి.

ఇంకోటి. పూర్తి గర్భసంచిని చిన్న డబ్బాలో కుక్కి పంపితే కండను పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం మధ్యకు చేరేలోపే కండ పాడైతది. రెండుగా కోసి తెరిచి, దానికి పది రెట్లు 10 శాతం ఫార్మలిన్ పోయాలి.

హన్మకొండ గైనిక్:
ఈ కేసులో గర్భసంచి కదులుతూ, మూతి దగ్గర ఖాళీ ఉంటే, పెద్ద గర్భసంచులు చేసి అలవాటున్న చేతుల్లో లాప్రోస్కోపీయే మేలు: రెండు మూడు రోజుల్లో ఇల్లు, 2 నుంచి 4 వారాల్లో తేలిక పనులు. బిగుసుకుపోతే కోత. గడ్డ బొడ్డు దాటితే నిలువు కోత కూడా పడొచ్చు, కోలుకోవడానికి 6 వారాలు. మధ్యలో హోల్స్ నుంచి కోతకు మారడం ఓటమి కాదు. ఆ అనుమతి ముందే సంతకం చేసి ఉంచండి, రెండు యూనిట్ల రక్తం సిద్ధంగా ఉండాలి.

వార్డు సిస్టర్:
హోల్స్ తర్వాత భుజం నొప్పి గ్యాస్ వల్లనే, రెండు రోజుల్లో పోతది. కుట్లు ఏవైనా, 6 వారాలు నిండు బిందె లేపొద్దు, పత్తి ఏరేటప్పుడు నడుముకు కట్టే సంచి కూడా అంతే. ములుగు, భూపాలపల్లి దిక్కు పోయేవాళ్లు ఇవి రాసుకోండి: 5 నుంచి 14 రోజుల మధ్య నడుము పక్క నొప్పి, జ్వరం, లేకుంటే మూత్రం తెలియకుండ కింద కారుడు ఉంటే యురేటర్ దెబ్బతిన్నదేమోనని అనుమానించాలె, అదే రోజు రావాలె. హోల్స్ తర్వాత యోని లోపలి పై చివరన వేసిన కుట్టు ఊడే అవకాశం కోత కన్నా ఎక్కువ. మూడు నెలల దాకా భార్యాభర్తలు దూరం పాటించాలె.

నర్సంపేట రోడ్:
అండాశయాలు కూడా తీస్తమంటున్నరు?

హన్మకొండ గైనిక్:
46 ఏళ్లకు అవి బాగుంటే ఉంచమనండి, ట్యూబులు మాత్రం తీయించొచ్చు. కుటుంబంలో అండాశయ, రొమ్ము కేన్సర్లు ఉంటే అప్పుడు లెక్క వేరు, ముందే చెప్పండి.