పాత కచేరి కూల్చాలా, ఉంచాలా?

కచేరి గల్లీ:
మన పాత తహసీల్ కచేరిని కూల్చి షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలనుకుంటున్నారని అందరికీ తెలిసిందే. ఆదివారం పొద్దున అక్కడే కలుద్దాం, కలెక్టర్‌కు ఇచ్చే అర్జీ మీద సంతకాలు కావాలి. గోడలు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. పోయింది వెనక గది కప్పు ఒక్కటే. అది వేయిస్తే లైబ్రరీకి పనికొస్తుంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తలేదా? గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ లేదా? నల్గొండ జిల్లా వాళ్లకే చేతకాదా?

బస్టాండ్ బాబు:
సంతకం పెడతా. చాయ్ ఎవరు పోయిస్తరు?

లెక్కల సారు:
అర్జీలో ‘వందేళ్లు దాటిన కట్టడం’ అని రాశారు. దేన్ని బట్టి?

కచేరి గల్లీ:
గుమ్మం పైన రాయి ఉంది సార్. ఉర్దూలో 1334 అని చెక్కారు.

లెక్కల సారు:
ఆ 1334 హిజ్రీయా (ముస్లింల చాంద్రమాన సంవత్సరం), ఫస్లీయా (పంట లెక్కల, రెవెన్యూ సంవత్సరం)? హిజ్రీ అయితే 1915–16. ఫస్లీ అయితే 590 కలపాలి, 1924–25 అవుతుంది. తొమ్మిదేళ్ల తేడా. నిజాం సర్కారు దఫ్తర్లలో నడిచింది ఫస్లీ. రాయి ఫోటో పెట్టండి, నెల పేరు ఉంటే తేలిపోతుంది. ఆజూర్, దై, బహమన్ అని ఉంటే ఫస్లీ, రజబ్, షాబాన్ అని ఉంటే హిజ్రీ.

మడిగె కావాలి:
మీకు హిజ్రీ, ఫస్లీ. నాకు కిరాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు నా మొబైల్ షాపు పోయింది, అప్పటినుంచి తోపుడు బండి మీదే బతుకు. అప్పుడు ఒక్కరు అర్జీ రాయలేదు. కాంప్లెక్స్ వస్తే మా అసోంటోళ్లకు మడిగెలు దొరుకుతయి. గబ్బిలాల కొంపకు ఇంత ప్రేమ ఎందుకో!

బార్ రూమ్:
చట్టం సంగతి చెప్తా. 2017లో రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది, కానీ అధికారికంగా గుర్తించిన కట్టడాలకే దాని రక్షణ. 2019 సెప్టెంబరులో హైకోర్టు హైదరాబాద్‌లోని పాత ప్యాలెస్ ఎర్రమంజిల్ కూల్చివేత నిర్ణయాన్ని కొట్టేసిందని అందరూ నాకు మెసేజ్‌లు పెడుతున్నారు. ఆ భవనానికి అప్పటికే పట్టణ ప్రణాళిక నిబంధనల్లో రక్షణ ఉంది, అందుకే వాదన నిలిచింది. మన కచేరి ఏ లిస్టులో ఉంది? ముందు అది చూడండి. సంతకాలు తర్వాత.

డంగు సున్నం:
నేను మేస్త్రీని. కప్పు ఒక్కటే పోయింది అనేది తప్పు. ముందు గోడకు ఆ మధ్య ఎవరో కాంట్రాక్టర్ సిమెంటు పూసి రంగేశాడు. సున్నం గోడ తడిని పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే వదలడానికి దారి లేదు. లోపలే ఉప్పు పూసి, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. వేలు పెట్టి గీరితే అరిగిన ఇటుక పొడిలాగా రాలుతోంది, పోయి చూడండి. ముందు ఆ సిమెంటు పెళ్లగించాలి. తర్వాత గానుగలో సున్నం, ఇసుక నూరి, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి పూయాలి. మా నాయన చేసేవాడు. ఇంకోటి, గోడలో మొలిచిన రావి చెట్టును పట్టి గుంజకండి. వేరు రాళ్ల సందుల్లో అల్లుకుంది, చెట్టుతో పాటు గోడ వస్తది.

కచేరి గల్లీ:
ఈ మాటే ఆదివారం వచ్చి చెప్పన్నా. హైదరాబాద్‌లో పాత మోజంజాహీ మార్కెట్‌ను బాగుచేసి 2020లో తెరిచారు, మనకూ అట్ల ఎందుకు కాదు? మన ఊరి పాత వైభవం పిల్లలకు తెలవాలె.

లేవీ గింజ:
ఎవరి వైభవం అన్నా? నిజాం సర్కారు రైతుల దగ్గర బలవంతంగా వసూలు చేసిన లేవీ ధాన్యం కట్టలేదని మా తాతను ఆ కచేరి ముందరే ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టిండ్రు. ఆ రాత్రి వెనక గదిలో వేసిండ్రు. చచ్చేదాకా మా తాత ఆ రోడ్డున పోలేదు, సంతకు పోవాలన్నా చుట్టూ తిరిగి పోయేవాడు. మీరు ఆ గదికే కప్పేసి పుస్తకాలు పెడతారా?

కచేరి గల్లీ:
తమ్మీ, రాజకీయాలు తేవద్దు. ఇట్లాంటివి మొదలుపెడితే చందా ఇచ్చేవాళ్లు వెనక్కి పోతరు.

లేవీ గింజ:
మీ తాత అదే కచేరిలో గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్. మీకు వైభవమే మరి. కుర్చీలో కూసున్నది మీవాళ్లు, ఎండలో నిలబడ్డది మావాళ్లు.

కచేరి గల్లీ:
మా తాతను మధ్యలోకి లాగుతావేంది! జీతానికి పనిచేసిండు, బండ ఆయన పెట్టిండా? ఆయన పోయేనాటికి ఇంట్లో దమ్మిడీ లేదు. నీ లెక్కన అయితే కూల్చేద్దాం, ఆ మడిగె ఆయనే గెలిచిండు.

మడిగె కావాలి:
నన్నెందుకు కెలుకుతరు?

లెక్కల సారు:
ఇంతకీ రాయి ఫోటో ఎవరూ పెట్టలేదు.

లేవీ గింజ:
కూల్చమని నేను ఎక్కడన్నాను? కూల్చితే బండ పెట్టిన జాగ కూడా పోతది. ఉంచండి. అయితే ఆ వెనక గది తలుపు మీద లేవీ సంగతి రాయాలె. మీ అర్జీ మూడు పేజీలు చదివిన, నవాబు పేరుంది, ఇంజినీరింగ్ గొప్పతనం ఉంది, రైతు అన్న మాట ఒక్క చోట లేదు.

కచేరి గల్లీ:
బోర్డు మీద ఏం రాయాలో కమిటీ చూస్తది.

లేవీ గింజ:
కమిటీలో ఎవరెవరు ఉన్నారో పేర్లు పెట్టండి. సంతకం సంగతి తర్వాత చూద్దాం.