డబుల్ బెడ్‌రూం బ్లాకు స్లాబు ఉరుస్తోంది, మిరుగం లోపు ఏం చేయించాలె?

ప్రశ్న: మహబూబ్‌నగర్‌ల జీ ప్లస్ 3 (కింద ఒకటి, పైన మూడు అంతస్తులు) బ్లాకు. పై అంతస్తు ఇండ్లల్ల పిట్టగోడ మూలలు నెమ్ముతున్నయి, పెచ్చులూడుతున్నయి. ఇంటింటికి పైసలు జమ చేస్తున్నం. స్లాబు మీద సిమెంటు పూత సరిపోతదా అన్నా?

జవాబు: ఒట్టి సిమెంటు పూత వద్దు తమ్మీ. పగలు ఎండకు స్లాబు సాగుతది, రాత్రి ముడుచుకుంటది. పూత సాగదు, వెంట్రుకంత పగుళ్లు వస్తయి. ముందు మూలల్ల గచ్చును సుత్తితో తట్టండి. డొల్ల చప్పుడు వచ్చినంత మేర తీసేయాలె. పగులును వి ఆకారంల 10 మి.మీ. లోతు కోసి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన మాలు నింపండి. పిట్టగోడ, స్లాబు కలిసే కాడ 1:3 మాలుతో (ఒక పాలు సిమెంటు, మూడు పాలు ఇసుక) గుండ్రటి గోలా కట్టించి, వారం దినాలు తడపాలె. అసలు ఉరుపు అక్కడి నుంచే ఎక్కువ. వాలు నీళ్లగొట్టం దిక్కు 100కు 1 ఉండాలె.

ఇంకో జవాబు: వాన లేకున్నా నెమ్ము తగ్గకుంటే స్లాబును అనకండి, ట్యాంకు పైపుల జాయింట్లు చూడండి. పూతకు అక్రిలిక్ వాటర్‌ప్రూఫింగ్ తీసుకోండి: ప్రైమర్, మొదటి కోటు, అది పచ్చిగున్నప్పుడే ఫైబర్ జాలి, ఆరినంక అడ్డంగా రెండో కోటు. స్లాబుల తడి ఉండంగ పూస్తే బుడగలు లేస్తయి.

గొట్టం మూసి 48 గంటలు నీళ్లు నిలిపి, కింద ఇండ్లల్ల చూసినంకనే మేస్త్రీకి ఆఖరి పైసలియ్యండి.