కంప్యూటర్‌లో బొమ్మలు వేయడానికి సొంత బ్రష్ తయారు చేసుకోవడం అవసరమా, టైమ్ వేస్టా?

గీతలపిచ్చి:
నాలుగు రోజులుగా ఒక్క బొమ్మ పూర్తి చేయలేదు. ఆకుల బ్రష్ ఒకటి చేద్దామని కూర్చుని పదిహేడు చేశాను, ఒక్కటీ నచ్చలేదు. 2017లో ఫొటోషాప్ తయారుచేసే అడోబీ, చిత్రకారుడు కైల్ వెబ్‌స్టర్ చేసిన బ్రష్‌లన్నీ కొనేసింది. ఫొటోషాప్ చందా కట్టేవాళ్లకి అప్పటినుంచి అవి వందల్లో ఊరికే వస్తున్నాయి. అన్ని ఉండగా సొంతవి ఎందుకు? నా మాట: వద్దు. బొమ్మ వేయకుండా తప్పించుకోవడానికి మనం వెతుక్కునే సాకు ఇది.

నల్లసిరా:
పదిహేడు చేశానన్నారు. వాటిలో ఎన్నిటికి స్పేసింగ్ (ముద్రకీ ముద్రకీ మధ్య దూరం) మార్చారు?

గీతలపిచ్చి:
ఒక్కదానికీ లేదు. 25 శాతం దగ్గరే ఉంది. ఆకు గీయడం, దాన్ని బ్రష్‌గా దాచే డిఫైన్ బ్రష్ ప్రీసెట్ నొక్కడం, అంతే.

నల్లసిరా:
అయితే మీరు చేసినవి పదిహేడు ముద్రలు, బ్రష్‌లు ఇంకా కాలేదు. 25 శాతం అంటే బ్రష్ వెడల్పులో పావు వంతు జరగగానే ఇంకో ముద్ర పడుతుంది. ఆకు మీద ఆకు పడి ముద్దయిపోతుంది. 130, 150కి పెంచి, ముద్రల్ని గీతకి అటూ ఇటూ చెదరగొట్టే స్కాటరింగ్ పెట్టి, ఒక్కో ముద్రని ఒక్కో కోణంలో తిప్పే యాంగిల్ జిట్టర్ వదిలి చూడండి. గొలుసో కుట్టో కావాలంటే లెక్క వేరు: యాంగిల్ కంట్రోల్‌ని డైరెక్షన్‌కి పెడితే గీత ఎటు తిరిగితే ముద్ర అటు తిరుగుతుంది.

ఇంకోటి. బ్రష్ రంగును దాచుకోదు. నలుపు పూర్తిగా పడుతుంది, తెలుపు అసలు పడదు, మధ్యలో బూడిద రంగు ఎంత ముదురైతే అంత గాఢంగా పడుతుంది. ఫొటోలోంచి ఆకు తీసి ఉంటే వెనక తెలుపు నిజంగా తెలుపేనా చూసుకోండి. కాస్త మాసినా ప్రతి ముద్ర చుట్టూ లేత చతురస్రం కనపడుతుంది. దీని మీద నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. బొమ్మలో నలుపు తెలుపుల్ని సరిచేసే లెవెల్స్‌లో తెలుపు వైపు గుండీ కొంచెం లోపలికి జరిపితే పోయింది!

పొరమీదపొర:
సెట్టింగులు సరే. కానీ అసలు గొడవ వేరే. ఆకుల బ్రష్‌తో చెట్టు వేస్తే అది చెట్టవ్వదు, ఆకుల కుప్ప అవుతుంది. వెలుతురు ఎటునుంచి వస్తోందో ముద్రకి ఏం తెలుసు? గింప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఒకే బ్రష్‌లో చాలా బొమ్మలు పెట్టే ఏర్పాటుంది, జీఐహెచ్ ఫైలు. అందులో ఎనిమిది ఆకులు పెట్టినా, చూసేవాడి కన్ను తొమ్మిదో ఆకుకి పట్టేస్తుంది. గుండ్రటి బ్రష్‌తో గుబురు ఆకారం, నీడ వేసి, అంచున నాలుగు ఆకులు చేత్తో గీయడమే మేలు.

నల్లసిరా:
ముందు వరుస చెట్టుకి ఒప్పుకుంటా. వెనక కొండ మీద అడవికి ఒప్పుకోను. అక్కడ ఒక్కో ఆకూ గీస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

మూడోమౌస్:
ఫొటోషాప్ వదిలి క్రితా అనే ఇంకో బొమ్మల సాఫ్ట్‌వేర్‌కి మారినవాడిగా ఒక మాట. నేను పోగేసుకున్న ఏబీఆర్ ఫైళ్లన్నీ (ఫొటోషాప్ బ్రష్ ఫైళ్లు) తెచ్చుకున్నా. ముద్ర బొమ్మలు వచ్చాయి గానీ స్కాటరింగ్, ప్రెజర్ (పెన్ను ఒత్తిడి) అమరికలు రాలేదు. గింప్‌లోనూ అంతే. దించుకున్న బ్రష్‌లు సగం చచ్చాయి, నేను చేసుకున్నవి మాత్రం ఒక్క సాయంత్రంలో మళ్లీ కట్టుకున్నాను, ఎందుకంటే దేనికి ఏం పెట్టానో గుర్తుంది. అందుకే చేసుకోమంటాను. పదిహేడు మాత్రం వద్దు బాబూ, మూడు చాలు.

గీతలపిచ్చి:
పదహారు తీసేశాను. మిగిలినదానికి స్పేసింగ్ 140, యాంగిల్ జిట్టర్ 100, సైజు పెన్ను ఒత్తిడికి కట్టాను. ముద్ద కట్టడం పోయింది. కానీ పొరమీదపొర గారు చెప్పింది ఇప్పుడు ఇంకా బాగా కనపడుతోంది: వెలుతురు పడే వైపూ నీడ వైపూ ఆకులు ఒకేలా ఉన్నాయి. నీడవైపు వేరే పొర మీద ముదురు రంగుతో వేసి చూస్తాను. ముందైతే ఈ బొమ్మ పూర్తి చేయనివ్వండి.