చలికాలం నైటీలు, పైజమాలు ఇంట్లోనే కుట్టుకున్నవాళ్లు ఉన్నారా?

ఆదిలాబాద్_కోడలు
మా అత్తయ్యకి డెబ్బై రెండేళ్లు. డిసెంబరు, జనవరి వచ్చాయంటే ఇక్కడ రాత్రిపూట 10 డిగ్రీల లోపుకి దిగిపోతుంది, ఒక్కోసారి 5, 6కి కూడా. ఆవిడ నైటీ మీద స్వెటర్, దాని మీద శాలువా వేసుకుని పడుకుంటారు. తెల్లారేసరికి శాలువా ఓ మూల, స్వెటర్ చంకల దాకా ఎగదన్నుకుని, ఆవిడ గడగడలాడుతూ ఉంటారు. పోయినేడు చలికాలం నైటీ అని ఒకటి కొన్నాం. ముట్టుకుంటే మెత్తగానే ఉంది కానీ సింథటిక్ గుడ్డ. వేసుకున్న అరగంటకి చెమట, ఆ చెమట ఆరేటప్పుడు మళ్లీ వణుకు. నాకు బ్లౌజులు కుట్టుకునేంత పని వచ్చు. ఏ గుడ్డ తీసుకోవాలి, ఎంత తీసుకోవాలి? కుట్టి దెబ్బతిన్నవాళ్లు ముందు చెప్పండి.

జనరల్‌బజార్_అక్క
కాటన్ ఫ్లానెల్ అడగమ్మా, పైన నూగు ఉండే మెత్తటి గుడ్డ. కొన్ని షాపుల్లో 'పసిపిల్లల గుడ్డ' అంటేనే అర్థమవుతుంది. నూగు రెండు వైపులా ఉన్నది తీసుకో. ఆ నూగులో గాలి నిలుస్తుంది, ఒంటి వేడి పోకుండా ఆపేది ఆ గాలే. 44 అంగుళాల పన్నా అయితే ఫుల్ చేతుల నైటీకి మూడున్నర మీటర్లు, పైజమాకి రెండున్నర.

తెచ్చిన రోజే కత్తెర పెట్టకు. నేను పెట్టాను. చీలమండల దాకా కుట్టిన నైటీ రెండు ఉతుకులకి పిక్కల మీదికి వచ్చింది. తర్వాతి సారి తడిపి, ఆరేసి, కొలిచి చూస్తే మూడు మీటర్ల గుడ్డలో 15 సెంటీమీటర్లు పోయింది! గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తిరించు.

రూమ్_నంబర్_పదకొండు
దెబ్బతిన్నవాళ్లు అన్నారు కదా, వచ్చేశాను. ఢిల్లీలో ఉద్యోగం. జనవరిలో ఇక్కడ గదిలోపల కూడా గోడలు ముట్టుకోలేం. పక్కింటి ఆంటీ మిషన్ అడిగి పైజమా కుట్టాను. పాత ప్యాంటు మీద పెట్టి గీసుకుని రెండు కాళ్లూ విడివిడిగా కత్తిరించా. బొమ్మలున్న వైపు పైకి పెట్టి చూస్తే రెండూ ఎడమకాళ్లే! మళ్లీ మీటరున్నర కొన్నా. ఈసారి కాళ్లు సరిపోయాయి. వేసుకుని బాసింపట్టు వేసి కూర్చున్నానో లేదో, వెనక పర్రుమంది. పాత ప్యాంటు సాగే గుడ్డ అని అప్పుడు గుర్తొచ్చింది.

కాలిమిషన్_మాస్టారు
బాబూ, గుడ్డని మడత పెట్టి రెండు పొరలూ కలిపి కత్తిరిస్తే కుడి ఎడమలు వాటంతట అవే వస్తాయి. ఇక చిరగడం సంగతి. గట్టి కుర్చీ మీద నిటారుగా కూర్చుని, పక్కవైపు నడుం దగ్గర్నుంచి కుర్చీ దాకా టేపు పెట్టు. వచ్చినదానికి అంగుళన్నర కలుపు, నడుం నుంచి కాళ్లు కలిసేచోటి దాకా లోతు అంత ఉండాలి. ఫ్లానెల్ సాగదు కాబట్టి పిరుదుల చుట్టుకొలతకి కూడా నాలుగైదు అంగుళాలు వదులు ఉండాలి. కాళ్లు కలిసేచోట రెండు వరసలు కుట్టు.

కోడలమ్మగారికి: 14 నంబరు సూది వేయండి. కుట్టు బ్లౌజు కంటే కాస్త పెద్దది పెట్టండి, చిన్న కుట్టు నూగులో కూరుకుపోయి ఊడదీయాల్సి వస్తే ప్రాణం తీస్తుంది. ఒక్కో నైటీ అవగానే మిషన్‌లో కింది దారం ఉండే షటిల్ విప్పి బ్రష్‌తో దులపండి. లోపల దూది ఉండలా పేరుకుంటుంది, అందరూ దారం తెగుతోందని దారాన్ని తిడతారు.

ఇంకోటి, అరచేత్తో నిమిరి చూడండి. ఒక దిక్కు నిమిరితే నూగు పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. ముక్కలన్నీ ఒకే దిక్కుగా కత్తిరించకపోతే ఎండలో ముందు భాగం ఒక రంగు, వెనక భాగం ఒక రంగులా కనిపిస్తాయి.

పాడేరు_టీచరు
మా వైపు చలి గురించి చెప్పక్కర్లేదు. నేను గుడ్డ మందం పెంచుకుంటూ పోయి బుద్ధి తెచ్చుకున్నదాన్ని. అసలు చలి దూరేది మెడలోంచి, ముంజేతుల్లోంచి, కిందినుంచి. మెడ బ్లౌజులా లోతుగా పెట్టకండి, చిన్న కాలర్ పెట్టి ముందు బొత్తాలు ఇవ్వండి. అత్తయ్యగారికి తల మీంచి లాక్కునే శ్రమ తప్పుతుంది. బొత్తాలు పెద్దవి వేయండి, చలికి వేళ్లు కొంకర్లు పోతే చిన్నవి పట్టు దొరకవు. చేతుల చివర ఎలాస్టిక్ వేశాను మా అమ్మకి. పొద్దున్నే మణికట్టు చుట్టూ గాజు వేసినట్టు ఎర్రటి గీత! తీసేసి పట్టీ, బొత్తం పెట్టాను.

వీపుకి, ఛాతీకి మాత్రం లోపల పాత నేత చీర లైనింగ్ వేశాను. ఎన్నో ఉతుకులు చూసిన చీర మెత్తదనం కొత్త గుడ్డకి రాదు.

మిన్నసోటా_వదిన
పిల్లలకి కుట్టేవాళ్లకి ఒక మాట. ఇక్కడ షాపులో ఫ్లానెల్ తాను చివర 'పిల్లల రాత్రి దుస్తులకి కాదు' అని రాసి ఉంటే నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, నూగున్న కాటన్ నిప్పు తగిలితే పైపైన భగ్గున పాకుతుంది. అందుకే అమెరికాలో 9 నెలలు దాటిన పిల్లల సైజుల నుంచి 14 సైజు దాకా అమ్మే రాత్రి దుస్తులు నిప్పు తేలిగ్గా పాకని గుడ్డతోనైనా ఉండాలి, ఒంటికి అతుక్కునేలా బిగుతుగానైనా ఉండాలి. మా చిన్నాడికి బనీను గుడ్డలా సాగే కాటన్ హోజరీతో బిగుతుగా కుట్టాను. ఇంట్లో హీటర్ ఉంటుంది కాబట్టి సరిపోతోంది.

ఆదిలాబాద్_కోడలు
వదినా, గుండె ఝల్లుమంది. మా అత్తయ్య ఐదింటికి లేచి అదే నైటీతో టీ పెట్టేస్తారు, పైగా వేళ్లాడే చేతులు.

పాడేరు_టీచరు
చేతులు సన్నగా పెట్టండి, మోచేతి దాకా మడిచి బొత్తంతో నిలిపేలా ఒక పట్టీ కుట్టండి. పొడవు కూడా చీలమండకి రెండంగుళాలు పైనే ఆపండి, చీకట్లో బాత్రూమ్‌కి లేచినప్పుడు కాలికి తగలదు. స్టవ్ దగ్గరికి వెళ్లేముందు మార్చుకోమని చెప్పి చూడండి, వినరనుకోండి!

ఆదిలాబాద్_కోడలు
పదిహేను రోజుల తర్వాత వచ్చాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, ఈలోపే పూర్తి చేశాను. గుడ్డ తడిపాను, మూడున్నర మీటర్లలో 14 సెంటీమీటర్లు పోయింది. కాలర్, ఐదు పెద్ద బొత్తాలు, లోపల ఆవిడదే పాత మంగళగిరి చీర. షటిల్ విప్పితే మాస్టారు చెప్పినట్టే చిన్న ఎలుకంత దూది వచ్చింది.

టీ మాత్రం ఇప్పుడు నేనే పెడుతున్నాను, ఆ ఒక్క మాట దగ్గర ఇద్దరం పంతం పట్టాం. రాత్రి స్వెటర్ అడగలేదు. పొద్దున ఎలా ఉంది అత్తయ్యా అంటే, లైనింగ్ అంచు వేలితో రాస్తూ, "జేబు ఎడమ పక్క పెట్టావేంటే, నా కళ్లజోడు కుడిచేతికి కదా అందాలి" అన్నారు. విప్పుతున్నాను.